పక్కన కూర్చున్న మనిషి

సాహిత్యంలో ‘పిచ్చిది’ అని ముద్రపడిన స్త్రీని స్త్రీవాద విమర్శ ఎన్నడూ వదిలిపెట్టలేదు. 1979లో సాండ్రా గిల్బర్ట్, సుసాన్ గుబార్ కలిసి రాసిన ‘ది మ్యాడ్ వుమన్ ఇన్ ది ఆటిక్’ వచ్చాక, పందొమ్మిదో శతాబ్దపు నవలల్లో అటక మీద బందీ అయిన స్త్రీ కేకలో రచయిత్రి కోపాన్ని వినడం మనం నేర్చుకున్నాం. ఆమె దిగులునీ, మౌనాన్నీ, తన ఒంటి మీద తానే చేసుకున్న గాయాన్నీ మాటలు దొరకని ప్రకటనగా చదివాం. ఇది చిన్న విజయమేమీ కాదు. అయితే ఆ గదుల్లో ఇంకో మనిషి కూడా ఉంది. మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్న మనిషి. భర్తో, తల్లో, చెల్లెలో, స్నేహితురాలో. మనం ఆ మనిషిని చాలాసార్లు కాపలాదారుగా మాత్రమే చూసి పేజీ తిప్పేశాం.

ఈ వ్యాసం ఆ మనిషి గురించి. ఈ పత్రిక చదివే మనలో చాలామందిమి ఏదో ఒకరోజు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళమే, లేదా కూర్చోబోతున్నవాళ్ళమే. హాస్టల్ గదిలో దుప్పటి ముసుగు తియ్యని రూమ్మేట్ పక్కన, కాన్పు తర్వాత బిడ్డ మొహం చూడలేకపోతున్న చెల్లెలి పక్కన, నడి ఎండాకాలంలోనూ పొడుగు చేతుల చొక్కా విడవని కూతురి పక్కన. అక్కడ ఏం మాట్లాడాలో మనకెవరూ నేర్పలేదు. మన దగ్గరున్నవి కొన్ని అరిగిపోయిన మాటలు. ‘నీకేం తక్కువ?’ ‘నలుగురిలో తిరిగితే అదే పోతుంది.’ ‘పెళ్ళి చేస్తే కుదుటపడుతుంది.’ ‘మా మొహం చూసైనా లేచి కూర్చో.’ ఇవి దుర్మార్గుల మాటలు కావు, ప్రేమతో అనేవే. కానీ ‘నీకేం తక్కువ’ అన్న ఒక్క ప్రశ్నతో దిగులు కాస్తా కృతఘ్నత అయిపోతుంది. ‘మనోవ్యాధికి మందు లేదు’ అన్న సామెత డాక్టరు దాకా వెళ్ళకుండానే తలుపు మూసేస్తుంది.

ప్రేమ ఉండి కూడా తోడు ఎందుకు కాలేకపోతుంది? ఈ ప్రశ్నకి నాకు కొంత జవాబు దొరికింది మన యూనివర్సిటీల్లో ఎప్పటినుంచో పాఠాలుగా ఉంటున్న రెండు రచనల్లో. ఒకటి షార్లట్ పెర్కిన్స్ గిల్మన్ కథ ‘ది ఎల్లో వాల్‌పేపర్’. రెండోది వర్జీనియా వుల్ఫ్ నవల ‘మిసెస్ డాలొవే’. రెండింటినీ ఇన్నేళ్ళూ దిగులుతో ఉన్న మనిషి వైపు నుంచి చదివాం. ఒకసారి కుర్చీ వైపు నుంచి చదివి చూద్దాం.

*

‘ది ఎల్లో వాల్‌పేపర్’ 1892 జనవరిలో ‘న్యూ ఇంగ్లండ్ మ్యాగజైన్’లో అచ్చయింది. 1973లో ఫెమినిస్ట్ ప్రెస్ దాన్ని పుస్తకంగా వేశాక స్త్రీల అధ్యయనాల్లో అది దాదాపు మూలగ్రంథం అయిపోయింది. కథ మనకి తెలిసిందే. కొత్తగా తల్లయిన ఒక స్త్రీ దిగులులో కూరుకుపోతుంది. భర్త జాన్ డాక్టరు. ఆమె అన్నదమ్ముడూ డాక్టరే. విశ్రాంతి కోసమని ఒక పెద్ద ఇల్లు అద్దెకి తీసుకుని ఆమెను పై అంతస్తు గదిలో ఉంచుతారు. కిటికీలకి ఊచలు. నేలకి బిగించిన మంచం. గోడలకి వెలిసిపోయిన పసుపు కాగితం. రాయకూడదు. ఇంటిపని జాన్ చెల్లెలు చూసుకుంటుంది. ఆ గోడకాగితం వెనకాల బందీ అయిన ఒక స్త్రీ కనిపించడం మొదలై, చివరికి తానే ఆ స్త్రీ అయిపోతుంది కథకురాలు.

జాన్ ఒట్టి క్రూరుడయితే ఈ కథ ఇంత భయపెట్టేది కాదు. అతను ఆమెను చేతుల మీద మేడ మీదికి మోసుకెళ్తాడు. పక్కన కూర్చుని, ఆమె అలిసిపోయేదాకా పుస్తకం చదివి వినిపిస్తాడు. తన కోసమైనా ఆరోగ్యం చూసుకోమని బతిమాలతాడు. మనం ‘మా మొహం చూసైనా’ అంటామే, సరిగ్గా అదే మాట. ఆ మాటలో ఉన్న బరువు ఎవరి మీద పడుతుందో గిల్మన్‌కి తెలుసు. అప్పటికే లేవలేని మనిషి ఇప్పుడు భర్త సంతోషాన్ని కూడా మొయ్యాలి. బాగుపడకపోతే జబ్బుతో పాటు నేరం కూడా ఆమెదే.

ఈ కథలో నన్ను ఎక్కువసేపు ఆపేసే చోటు చివరి భీభత్సం కాదు, మధ్యలో ఒక రాత్రి. తను బాగుపడటం లేదని ఆమె చెప్పబోతుంది. నీకు తెలియకపోయినా నువ్వు బాగుపడుతున్నావంటాడు అతను, డాక్టరుగా. ఒళ్ళు బాగుపడుతోందేమో గానీ అని ఆమె మొదలుపెడుతుంది. ఆ వాక్యం పూర్తి కాదు. అతను లేచి కూర్చుని అంత కఠినంగా చూస్తాడు మరి. అలాంటి ఆలోచన మనసులోకి క్షణమైనా రానివ్వొద్దని, తన కోసం, బిడ్డ కోసం, ఆమె కోసం వేడుకుంటాడు. ఆమె ఇంకేమీ మాట్లాడదు. నిద్రపోయిందనుకుంటాడు. ఆమె గంటల తరబడి గోడకాగితం చూస్తూ మేలుకునే ఉంటుంది.

ఆ రాత్రి తలుపు కొంచెం తెరుచుకుంది. మూసింది ద్వేషం కాదు, భయం. పక్కన కూర్చున్న మనిషి తాను వినలేనిదాన్ని ఎదుటి మనిషి చేత అననివ్వకుండా చేయడం. మన ఇళ్ళల్లో ‘చావు మాటలు మాట్లాడకు’, ‘పైన తథాస్తు దేవతలుంటారు’ అనడం ఇదే. ఆ మాటతో మనకి ఊపిరి తిరుగుతుంది. అవతలి మనిషి ఆ ఆలోచనతో ఒంటరిగా మిగిలిపోతుంది. ‘చనిపోవాలనిపిస్తోందా’ అని సూటిగా, నెమ్మదిగా అడిగితే లేని ఆలోచన పుట్టుకురాదనీ, ఉన్న ఆలోచన బరువు కొంత దిగుతుందనీ మానసిక వైద్యులు ఇవాళ స్పష్టంగా చెబుతున్నారు. తనను తాను గాయపరచుకునే మనిషి విషయంలోనూ అంతే. చాలాసార్లు అది చావాలన్న కోరిక కాకపోవచ్చు, భరించలేనిదాన్ని ఎలాగో భరించే ప్రయత్నం కావచ్చు. ‘నలుగురి దృష్టిలో పడాలని చేస్తోంది’ అనేసి దాన్ని కొట్టిపారేస్తాం. అడగకుండా తెలుసుకునే దారి లేదు. జాన్ చెయ్యలేనిది ఆ అడగడమే.

గిల్మన్ ఇది ఊహించి రాయలేదు. 1887లో ఆమె స్వయంగా ఫిలడెల్ఫియాలో సైలస్ వీర్ మిచెల్ దగ్గర ‘విశ్రాంతి చికిత్స’ తీసుకుంది. బిడ్డను ఎప్పుడూ దగ్గరే ఉంచుకోమని, రోజుకి రెండు గంటలకి మించి బుద్ధికి పని పెట్టొద్దని, బతికినన్నాళ్ళూ కలం, కుంచె ముట్టొద్దని చెప్పి పంపించాడాయన. కొన్ని నెలలు పాటించి, మతి పోయే అంచు దాకా వెళ్ళి, ఆ సలహాను అవతల పారేసి మళ్ళీ పనిలో పడ్డానని 1913లో ఆమె రాసుకుంది. ఆమెను బతికించింది పని. ఈ మాటను గుర్తుంచుకుని లండన్ వెళదాం. అక్కడ ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా డాక్టర్లు దాదాపు ఇదే చికిత్స రాస్తున్నారు.

*

‘మిసెస్ డాలొవే’ 1925లో వచ్చింది. 1923 జూన్‌లో ఒకేఒక్క రోజు కథ. ఒకవైపు క్లారిస్సా డాలొవే సాయంత్రం విందుకి ఏర్పాట్లు చేసుకుంటోంది. ఇంకోవైపు సెప్టిమస్ వారెన్ స్మిత్, మొదటి ప్రపంచయుద్ధంలో స్నేహితుణ్ణి పోగొట్టుకుని వచ్చిన మాజీ సైనికుడు, ఇవాళ చచ్చిపోతానంటున్నాడు. మొదట అనుకున్న కథలో సెప్టిమస్ లేనే లేడని, విందు చివర క్లారిస్సాయే చనిపోవాల్సిందని వుల్ఫ్ 1928 అమెరికన్ ముద్రణకి రాసిన ముందుమాటలో చెప్పింది. అందుకే విమర్శ అంతా ఈ ఇద్దరి చుట్టూ, వాళ్ళ జంట ఆత్మ చుట్టూ తిరిగింది. నడుమ రెజియా ఉంది, సెప్టిమస్ భార్య.

రెజియా ఇటలీ పిల్ల. మిలాన్‌లో అక్కచెల్లెళ్ళతో కలిసి టోపీలు కుట్టేది. వయసు 24. ఇంగ్లండులో ఆమెకి ఒక్క స్నేహితురాలు లేదు. భర్తకి జబ్బేమీ లేదని డాక్టర్ హోమ్స్ తేల్చేశాడు. బయటి ప్రపంచం మీద ఆసక్తి కలిగించమని, మ్యూజిక్ హాల్‌కి తీసుకెళ్ళమని ఆమెకే పని అప్పజెప్పాడు. అంటే భర్త దిగులు పోగొట్టడం ఇప్పుడు ఆమె ఇంటిపనుల్లో ఒకటి. పార్కులో అతను శూన్యంలోకి చూస్తూ తనలో తాను మాట్లాడుకుంటుంటే ఎవరైనా వింటారేమోనని సిగ్గుపడుతుంది. కాసేపు అవతలికి వెళ్ళి నిలబడుతుంది. ఇంతకంటే అతను చచ్చిపోయినా బాగుండునని కూడా అనుకుంటుంది.

ఈ ఆలోచన రాసినందుకు వుల్ఫ్‌కి దణ్ణం పెట్టాలి. సేవచేసే స్త్రీని మన సాహిత్యం దాదాపు ఎప్పుడూ సహనమూర్తిగానే చూపించింది. నిద్రలేని రాత్రుల తర్వాత ఆమె మనసులో మెదిలే విసుగు, కోపం, సిగ్గు, ‘ఇది ఎప్పటికి తెమిలేను’ అన్న నిస్పృహ అచ్చుకెక్కవు. ఆ ఆలోచన వచ్చినంత మాత్రాన రెజియా ప్రేమ అబద్ధం కాదు. ఆమె అలిసిపోయింది, అలిసిపోయానని చెప్పుకోడానికి మనిషి లేదు. ఇప్పుడు సెప్టిమస్‌కి కూడా చెప్పలేదు.

ఈ నవల పాఠం చెప్తున్నప్పుడు ఎం.ఎ. రెండో ఏడాది అమ్మాయి ఒకామె లేచి, “రెజియా ఏం చేసి ఉండాల్సింది మేడమ్?” అని అడిగింది. పరీక్షకి వచ్చే ప్రశ్న కాదది. ఆ గొంతులో ఉన్నది నవల గురించిన కుతూహలం కూడా కాదు. వాళ్ళింట్లో ఎవరో ఒకరు ఆ గదిలో ఉన్నారని క్లాసంతటికీ అర్థమయింది. చైతన్య స్రవంతి గురించీ, బిగ్ బెన్ గంటల గురించీ నేను రాసిపెట్టుకున్న నోట్సులో ఆ ప్రశ్నకి జవాబు లేదు. జవాబు నవల్లోనే ఉందని తర్వాత చదువుకుంటే తెలిసింది.

సర్ విలియమ్ బ్రాడ్షా అనే పెద్ద డాక్టరు దగ్గరికి వెళతారు ఇద్దరూ. రెండు మూడు నిమిషాల్లో జబ్బు తీవ్రత కనిపెట్టేస్తాడాయన. సెప్టిమస్ చచ్చిపోతానన్నాడా అని అడుగుతాడు. అన్నాడంటుంది రెజియా. అయితే ఇది చట్టానికి సంబంధించిన విషయం అంటాడు. ఇంగ్లండులో ఆత్మహత్యాప్రయత్నం 1961 దాకా నేరమే. భార్యాభర్తలు విడిగా ఉండాలి, అతను ఊరికి దూరంగా ఒక హోమ్‌లో పడుకోవాలి. జబ్బు చేసినప్పుడు మనం ప్రేమించేవాళ్ళు మనకి మంచిది కాదన్నది ఆయన సిద్ధాంతం. సాయం అడగడానికి వెళ్ళిన రెజియా, మమ్మల్ని గాలికి వదిలేశారు అనుకుంటూ బయటికొస్తుంది.

ఆ సాయంత్రం గదిలో ఆమె పక్కింటి మిసెస్ ఫిల్మర్ కూతురికి ఒక టోపీ కుడుతూ కూర్చుంటుంది. సెప్టిమస్ సోఫాలో పడుకుని చూస్తుంటాడు. ఆ టోపీ ఆవిడకి మరీ చిన్నది, కోతికి పెట్టే టోపీలా ఉందని అంటాడు. రెజియా పకపకా నవ్వేస్తుంది. ఎన్ని వారాలయిందో ఇద్దరూ అలా కలిసి నవ్వి! అతను లేచి పూలూ, రిబ్బన్లూ, రంగులూ ఏరి అమరుస్తాడు. వేళ్ళకి పనితనం లేదు గానీ కంటికి రంగు తెలుసు. అతను అమర్చినట్టే, ఏమాత్రం మార్చకుండా ఆమె కుడుతుంది. తను చేసిన పనిని చూసుకుని అతనికి ఎన్నడూ లేనంత గర్వంగా ఉంటుంది.

ఈ దృశ్యంలో రెజియా ఏం చేసిందో జాగ్రత్తగా చూడండి. ధైర్యం చెప్పలేదు. నవ్వమనలేదు. అతను కనే దర్శనాలు అబద్ధమని వాదించలేదు. తన పని తాను చేసుకుంటూ అందులో అతనికి ఒక చోటిచ్చింది. అతని మాటకి ఒక వస్తువులో విలువనిచ్చింది. ఆ తర్వాత అతను తన కాగితాలన్నీ తగలబెట్టమంటే తగలబెట్టకుండా పట్టుదారంతో కట్టి దాస్తుంది. మన ఇష్టం లేకుండా మనల్ని ఎవరూ విడదీయలేరని అంటుంది. అతని తరఫున తీర్మానాలు చెయ్యకుండా, అతన్ని ఒంటరిగా వదలకుండా ఉండే ఇరుకైన చోటు ఒకటుంది. జాన్‌కి ఆ చోటు తెలీదు. రెజియా ఒక సాయంత్రం అక్కడ నిలబడగలిగింది.

ఇంతలో హోమ్స్ మెట్లెక్కి వస్తాడు. రెజియా అడ్డం నిలబడుతుంది. ఆమెను పక్కకి తోసి లోపలికి వస్తాడు. ఆ తర్వాత జరిగేది పాఠకులకి తెలుసు.

*

ఈ టోపీ వుల్ఫ్ చేతికి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. వర్జీనియా, లెనర్డ్ 1912 ఆగస్టులో పెళ్ళి చేసుకున్నారు. 1913 సెప్టెంబరులో ఆమె చావుదాకా వెళ్ళి బతికింది. సిలోన్‌లో ఏడేళ్ళు బ్రిటిష్ ప్రభుత్వోద్యోగం చేసి వచ్చిన లెనర్డ్ ఆ రోజుల్లో ఆమె ఆరోగ్యం గురించి డైరీలో రోజూ రాసుకున్నాడు, కొంత భాగం తమిళ, సింహళ అక్షరాలతో తయారుచేసుకున్న రహస్యలిపిలో. ఆమె తిండి, నిద్ర, వచ్చేపోయేవాళ్ళు, ఎన్ని గంటలు రాయాలి, అన్నీ అతని లెక్కలోకి వచ్చాయి. డాక్టర్లతో సంప్రదించి పిల్లలు వద్దన్న నిర్ణయంలోనూ అతని పాత్ర పెద్దది. ప్రేమ రికార్డు పుస్తకమైతే ఎలా ఉంటుందో ఈ డైరీ చెబుతుంది. ఎవరూ చదవకూడదని వలసరాజ్యపు ప్రజల లిపి అరువు తెచ్చుకోవడంలో ఉన్న వ్యంగ్యం మన కళ్ళకి ఇంకాస్త ఎక్కువ కనిపిస్తుంది.

అదే లెనర్డ్ 1917 మార్చిలో ఒక చిన్న చేతి ముద్రణ యంత్రం కొన్నాడు. రిచ్‌మండ్‌లోని హోగార్త్ హౌస్‌లో భోజనాల బల్ల మీద దాన్ని నిలబెట్టారు. రాసే ఒత్తిడి నుంచి ఆమె మనసుకి కాస్త ఆటవిడుపుగా చేతిపని ఉంటే మంచిదన్నది అతని ఆలోచన. లెనర్డ్‌కి పుట్టుక నుంచీ చేతులు వణుకుతాయి, సీసపు అక్షరాలు పేర్చలేడు. అందుకని అక్షరాలు ఆమె పేర్చేది, యంత్రం అతను తిప్పేవాడు. ఆ జులైలో ఇద్దరి కథలు చెరొకటి వేసి మొదటి పుస్తకం తెచ్చారు. ఎనిమిదేళ్ళకి ‘మిసెస్ డాలొవే’ వచ్చింది కూడా ఆ హోగార్త్ ప్రెస్ పేరు మీదే. పూలు అమర్చే చేతులూ, కుట్టే చేతులూ. పేర్చే చేతులూ, తిప్పే చేతులూ. ఈ పోలిక నేను చూస్తున్నది, వుల్ఫ్ ఎక్కడా చెప్పలేదు. కానీ డైరీ రాసిన లెనర్డ్‌నీ, అచ్చు యంత్రం తిప్పిన లెనర్డ్‌నీ విడదీసి ఒకణ్ణి విలన్‌గా, ఇంకొకణ్ణి దేవుడుగా చూపించే జీవితచరిత్రల కంటే ఈ పోలిక నాకు నిజానికి దగ్గరగా అనిపిస్తుంది. ఒకే మనిషిలో కాపలా, తోడు రెండూ ఉంటాయి. మనలోనూ ఉంటాయి.

వర్జీనియా తల్లి జూలియా స్టీఫెన్ 1883లో ‘నోట్స్ ఫ్రమ్ సిక్ రూమ్స్’ అనే చిన్న పుస్తకం వేసింది. రోగి పక్కలో పడే రొట్టె పొడి గురించి అందులో ఎంత శ్రద్ధగా రాసిందో చూస్తే నవ్వూ వస్తుంది, గౌరవమూ కలుగుతుంది. ప్రపంచంలోని బాధల్లో ఎంతో చిన్నది, రోగికి ఎంతో పెద్దది ఆ పొడి. ఆ తల్లి 1895లో, కూతురికి పదమూడేళ్ళప్పుడు పోయింది. వర్జీనియా మొదటిసారి కుప్పకూలింది ఆ తర్వాతే. ‘ఆన్ బీయింగ్ ఇల్’ వ్యాసం 1926లో రాస్తూ, ప్రేమ గురించి చెప్పడానికి ఎన్నో మాటలున్న ఇంగ్లీషు తలనొప్పి గురించి చెప్పబోతే మూగబోతుందని వాపోయింది. తల్లి దులిపిన పొడికీ, కూతురు వెతికిన మాటకీ మధ్య చుట్టరికం ఉంది. రెండూ చిన్న విషయాన్ని చిన్నదని కొట్టిపారెయ్యని శ్రద్ధలే.

నా స్నేహితురాలు ఒకామె దాదాపు ఏడాది పాటు ఈ చీకట్లో ఉంది. ఇప్పుడు బాగుంది, ఉద్యోగం చేసుకుంటోంది, ఈ నాలుగు మాటలు రాయడానికి ఒప్పుకుంది. ఆ రోజుల్లో వాళ్ళింటికి వెళ్ళి కూర్చునేవాళ్ళం, ముగ్గురం వంతులేసుకుని. “చచ్చిపోవాలనిపిస్తోందా?” అని అడిగితే “రోజూ” అంది. ఆ సాయంత్రమే వాళ్ళ అన్నయ్యకి చెప్పాం. ఇంట్లో ప్రమాదమనిపించిన వస్తువులు ఆయనే తీసి దాచాడు. మర్నాడు అందరం కలిసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఇదంతా అయ్యాక చాన్నాళ్ళకి ఆమె అన్నది వేరే: “అందరూ నన్ను బతకమన్నారే. నువ్వు చిక్కుడుకాయలకి ఈనెలు తియ్యమన్నావు. బతకడం అప్పుడు నావల్ల అయ్యే పని కాదు. ఈనెలు తియ్యడం అయింది.” రెజియా టోపీకి ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నేను ఏ విమర్శగ్రంథంలోనూ చదవలేదు.

కానీ చిక్కుడుకాయలే ఆమెను బతికించాయని రాస్తే అది అబద్ధం. మందులు వాడింది. డాక్టరు దగ్గరికి క్రమం తప్పకుండా వెళ్ళింది. ఇక్కడ మన విమర్శ ఒక మాట తేల్చుకోవాలి. గిల్మన్‌నీ, వుల్ఫ్‌నీ చదివిన పిల్లలు మిచెల్, హోమ్స్, బ్రాడ్షాలను చూసి వైద్యమే శత్రువని అనుకునే అవకాశం ఉంది. ఆ డాక్టర్ల చేతిలో పనిచేసే మందు లేదు. మానసిక వ్యాధిలో లిథియం వాడకం మీద జాన్ కేడ్ వ్యాసం వచ్చింది 1949లో, వర్జీనియా పోయిన ఎనిమిదేళ్ళకి. దిగులు తగ్గించే మందులు వచ్చింది 1950లలో. చేతిలో మందు లేనప్పుడు అధికారమే మందయింది. ఆ అధికారం మీద స్త్రీవాదుల విమర్శ ఇవాళ్టికీ అవసరమే, పేషెంటు మాట వినకుండా చీటీ రాసేసే డాక్టర్లు ఇవాళా ఉన్నారు. కానీ ఆ విమర్శ చేతిలో పెట్టి ఒక అమ్మాయిని చికిత్సకి దూరం చేస్తే మనమూ ఇంకో రకం జాన్‌లమే.

*

తెలుగులో ఈ విషయాన్ని తలుచుకుంటే పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ గుర్తొస్తుంది. ఇల్లు అలకడంలో, ముగ్గులెయ్యడంలో మునిగిపోయిన ఒక ఇల్లాలు తన పేరు మరిచిపోతుంది. పేరు వెతుక్కుంటూ పుట్టింటి దాకా వెళుతుంది. చివరికి ఒక చిన్ననాటి స్నేహితురాలు ‘శారదా’ అని పిలిచాక గానీ ఆమెకి తను దొరకదు. దీన్ని గుర్తింపు కథగా చదివాం, అది న్యాయమే. కుర్చీ వైపు నుంచి చదివితే స్నేహితురాలి కథ కూడా అవుతుంది. ఆమె చేసింది సలహా కాదు, చికిత్స కాదు. నువ్వు బొమ్మలు వేసేదానివి, చదువులో ముందుండేదానివి అని గుర్తుచేసింది. గిల్మన్ కథలో పేరులేని స్త్రీని చివరిదాకా ఎవరూ పేరు పెట్టి పిలవరు. దిగులు మొదట దోచుకునేది ఆ జ్ఞాపకాన్నే. అది మనిషి చేజారినప్పుడు ఇంకొకరు భద్రంగా పట్టుకుని ఉండాలి, అడిగినప్పుడు తిరిగి ఇవ్వడానికి.

అయితే మన భాషే ఆ మనిషిని ఎలా పిలుస్తోంది? మన దినపత్రికలు ‘ఆత్మహత్యకు పాల్పడింది’ అని రాస్తాయి. దోపిడీకి పాల్పడతారు, మోసానికి పాల్పడతారు, అత్యాచారానికి పాల్పడతారు. ‘పాల్పడటం’ నేరాల సరసన ఉండే క్రియ. ‘బలవన్మరణం’ కొంత నయం. బలవంతం ఎవరిదన్న ప్రశ్నకి కనీసం చోటిస్తుంది. ఈ క్రియ వెనక చట్టం ఉంది. 1860 నాటి శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ ప్రయత్నించి బతికిన మనిషికి ఏడాది దాకా జైలు రాసిపెట్టింది. 1994లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, 1996లో మళ్ళీ నిలబెట్టింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29న అమల్లోకి వచ్చాక గానీ, ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉందని భావించాలనీ, శిక్షించకూడదనీ, ఆమెకి చికిత్స అందించడం ప్రభుత్వ బాధ్యతనీ 115వ సెక్షన్ చెప్పలేదు. 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 లేదు. చట్టం ‘పాల్పడటం’ మానేసింది. పత్రికలు ఇంకా మానలేదు.

ఆ 2017 చట్టంలోనే 14వ సెక్షన్ ఒకటుంది, మనలో ఎక్కువమంది గమనించనిది. మేజర్ అయిన ఎవరైనా సరే, జబ్బులో తన తరఫున నిలబడే మనిషి ఎవరో తెల్లకాగితం మీద రాసి, సంతకమో వేలిముద్రో వేసి తానే నియమించుకోవచ్చు. అది భర్తే కానక్కర్లేదు, తండ్రే కానక్కర్లేదు. వద్దనుకుంటే మార్చుకోనూ వచ్చు. కుర్చీలో ఎవరు కూర్చోవాలో మంచం మీదున్న మనిషే చెప్పొచ్చునని ఒక చట్టం ఒప్పుకోవడం గిల్మన్ కథకి అందిన నూటపాతికేళ్ళ ఆలస్యపు జవాబు.

*

వర్జీనియా వుల్ఫ్ 1941 మార్చి 28న వెళ్ళిపోయింది. ముందురోజే లెనర్డ్ ఆమెను బ్రైటన్‌లో ఆక్టేవియా విల్బర్‌ఫోర్స్ అనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ ఆక్టేవియా స్నేహితురాలు కూడా. యుద్ధపు రేషన్ రోజుల్లో తన పశువుల పాలూ, మీగడా తెచ్చిచ్చిన మనిషి. ఎనభయ్యేళ్ళకి పైగా విమర్శకులు తీర్పులిస్తూనే ఉన్నారు, లెనర్డ్ బంధించాడని కొందరు, ఆమె అన్నేళ్ళు బతకడం అతని పుణ్యమేనని కొందరు. ఈ వాదంలో రెండు పక్షాలూ ఒకే నమ్మకం మీద నిలబడి ఉన్నాయి. ఒక మనిషి ప్రాణాన్ని ఇంకొక మనిషి ఒంటిచేత్తో నిలపగలరని. ఎవరినైనా పోగొట్టుకున్న ప్రతి ఇంట్లోనూ మిగిలినవాళ్ళ గుండెల మీద ఉండే బండ కూడా ఇదే. ‘నేను ఆ రోజు ఫోన్ చేసి ఉంటే.’ ప్రేమ చాలకపోవడం వల్ల మనుషులు పోరు. జబ్బు ఉంది, యుద్ధం ఉంది, చట్టం ఉంది, బ్రాడ్షాలు ఉన్నారు, ఇల్లు దాటితే ఎవరూ లేని ఒంటరితనం ఉంది.

అందుకే ఆ విద్యార్థిని ప్రశ్నకి నా జవాబు ఇది. రెజియా చెయ్యగలిగింది చేసింది. ఆమెకి కావలసింది ఇంకో ఇద్దరు మనుషులు. అడగాలి, వినాలి, చిన్న పనిలో చోటివ్వాలి, డాక్టరు దాకా తోడు నడవాలి, ‘ఎవరికీ చెప్పకు’ అంటే ఆ మాటకి ఒప్పుకోకూడదు. ఇవన్నీ ఒక్కరి చేతి మీద జరగవు. వంతులు కావాలి. కుర్చీలో కూర్చున్న మనిషి లేచి వెళ్ళి కాసేపు ఏడ్చి, అన్నం తిని రావడానికి వీలుండాలి. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ప్రభుత్వ టెలి మానస్ 14416కి దిగులుతో ఉన్నవాళ్ళే కాదు, వాళ్ళ పక్కనున్నవాళ్ళు కూడా ఏ వేళప్పుడైనా తెలుగులో ఫోన్ చేసి మాట్లాడొచ్చు. ఇది సాహిత్య విమర్శలో రాయాల్సిన మాటేనా అని ఎవరికైనా సందేహం వస్తే, ఆ క్లాసులో అడిగింది సాహిత్య విద్యార్థినే అని గుర్తుచేస్తాను.

సెప్టిమస్ పోయాక రెజియాకి నవల్లో దక్కిన సేవ ఒక్కటే. డాక్టర్ హోమ్స్ ఆమె చేత ఏదో తియ్యటి మందు తాగిస్తాడు. గడియారం ఆరు కొడుతుండగా, కిటికీలో ఆ డాక్టరు ఆకారం నల్లగా కనిపిస్తుండగా ఆమె నిద్రలోకి జారిపోతుంది. రాత్రి విందులో ఒక యువకుడు చనిపోయాడన్న కబురు వస్తుంది. క్లారిస్సా పక్కగదిలోకి వెళ్ళి అతని గురించి ఆలోచిస్తుంది, అతని చావులో తన బతుకును చూసుకుంటుంది. అతనికి భార్య ఉందా, ఈ రాత్రి ఆమె పక్కన ఎవరున్నారు అని ఆ విందులో ఎవరూ అడగరు. మనకి ఇంత తెలియజెప్పిన నవల కూడా రెజియాను మళ్ళీ లేపదు. రేపు పొద్దున ఆమె నిద్ర లేస్తుంది, ఆ గదిలో, బల్ల మీద అతని కాగితాల కట్ట పక్కన. విమర్శ అక్కణ్ణుంచి మొదలుకావాలి.